నస్రీన్ మొహమ్మదీ గీతలు: ఒక్కరోజు వర్క్‌షాప్‌లో ఏం చెప్పాలి, ఏం గీయించాలి?

బ్రాడీపేట_డ్రాయింగ్
గుంటూరులో ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది పిల్లలు 24 మందికి ఒక రోజు వర్క్‌షాప్. విషయం నస్రీన్ మొహమ్మదీ, గీతలతోనే బొమ్మలు వేసిన మన దేశపు చిత్రకారిణి. పొద్దున గంటన్నర ఆమె జీవితం, పని. మిగతా రోజంతా బోర్డు ముందే. అందరి దగ్గరా ఎ2 బోర్డులు, మినీ డ్రాఫ్టర్లు (బోర్డుకి బిగించే స్కేళ్ల పరికరం) ఉన్నాయి. ఆగస్టు నెల, గదికి ఏసీ లేదు, ఆరు ఫ్యాన్లున్నాయి. జీవితం చెప్పేటప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎక్కడ దాటేయాలి? గీయించడానికి ఏ పెన్ను, ఏ కాగితం, ఎన్ని గీతలు? ఇంజినీరింగ్ డ్రాయింగ్ క్లాసులా అవ్వకూడదు. అలాగని "మీకు తోచింది గీసుకోండి" బాపతూ వద్దు.

గీతాసారం
జీవితం పది నిమిషాల్లో అయిపోతుందండి. 1937లో కరాచీలో పుట్టింది. తల్లి చిన్నప్పుడే పోయింది. 1944లో కుటుంబం బొంబాయి వచ్చేసింది, తండ్రి వ్యాపారం బహ్రెయిన్‌లో. 1954 నుంచి 57 దాకా లండన్ సెయింట్ మార్టిన్స్‌లో చదువు. 1961లో బొంబాయి గ్యాలరీ 59లో మొదటి సోలో ప్రదర్శన. ఆ తర్వాత ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ మీద 1963 దాకా పారిస్. తిరిగొచ్చాక బొంబాయిలో కళాకారులు కలిసి పని చేసుకునే భూలాభాయి ఇన్‌స్టిట్యూట్ వాతావరణం, చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తోండే సావాసం. 1970లో ఢిల్లీ, 1972 నుంచి బరోడా ఫైన్ ఆర్ట్స్‌లో పాఠాలు చెప్పడం. 1990లో అలీబాగ్ దగ్గర కిహింలో పోయింది.

నిలబడాల్సిన చోటు 1960లకీ 70లకీ మధ్య. అంతకుముందు కుంచె, సిరా తడి, చెట్టూచేమా తలపించే మరకలు, ఆయిల్ కాన్వాసులు ఉన్నాయి. 70లు వచ్చేసరికి ఆయిల్ లేదు, రంగు లేదు, కుంచె లేదు. సిరా, పెన్సిలు, స్కేలు, కాగితం మిగిలాయి. మన దేశంలో ఆ రోజుల్లో పేరున్న చిత్రకారులు ఎక్కువమంది మనిషి బొమ్మ చుట్టూ తిరుగుతున్నారు. బరోడా అయితే కథ చెప్పే బొమ్మలకి పుట్టిల్లు. ఆ ఊళ్లోనే కూర్చుని ఆవిడ మనిషినీ కథనీ రెంటినీ వదిలేసింది. పిల్లలకి అర్థం కావాల్సింది ఆ మొండితనం.

ఇంకో మాట. ఆమె బొమ్మలకి దాదాపుగా పేర్లుండవు, చాలావాటి మీద తేదీ కూడా ఉండదు. కాబట్టి ఏ ఏడాది ఏ బొమ్మ అని టైమ్‌లైన్ వేయించకండి, తప్పులే వస్తాయి. రకాలుగా నాలుగు గుట్టలు పెట్టండి: కుంచె సిరా పనులు, నిలువు అడ్డం గళ్లు, ఏటవాలు గీతలు, చివర్లో దాదాపు ఖాళీ కాగితం మీద నాలుగైదు వాలు గీతలో వంపులో ఉన్నవి.

కృష్ణలంక_కుర్రాడు
గాయ్‌తోండే శిష్యురాలు అని చెప్పొచ్చా? చాలా చోట్ల అలాగే రాస్తున్నారు.

గీతాసారం
శిష్యురాలు అంటే కూర్చోబెట్టి నేర్పినట్టు వస్తుంది బాబూ. ఆయన 1924లో పుట్టాడు, పెద్దవాడు, పక్కనే పని చేశాడు, ప్రభావం ఉంది. కానీ ఆయన రంగు పొరల మనిషి. రోలరూ కత్తీ పట్టి కాన్వాసు మీద వెలుగు తెప్పించాడు. ఈవిడ పని అంగుళంలో పదో వంతు ఖాళీతో. ఆ ఒక్క మాట అంటగడితే పిల్లలు ఆయన బొమ్మల్లోనే ఈవిడని వెతుక్కుంటారు.

ఇస్త్రీ_కాగితం
జబ్బు సంగతి ముందే తేల్చుకోండి. ఆమెకి నరాల జబ్బు వచ్చింది, ఒళ్లు స్వాధీనం తప్పుతూ వచ్చింది. దాంతో వ్యాసాలన్నీ ఒకటే పాట: వణికే చెయ్యి, వణకని గీత. విన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది, అంతవరకే. గళ్ల బొమ్మలు మొదలైంది జబ్బు ముదిరాక కాదు. గీత నిటారుగా రావడానికి టీ-స్కేలు, డ్రాఫ్టింగ్ పరికరాలు ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టాలన్నది మాత్రం స్కేలు చెప్పదు. జబ్బు గురించి ఒక వాక్యం చాలు.

గీతాసారం
ఒక వాక్యం అన్యాయం, రెండు చెప్పొచ్చు. చివరి దశలో గీతలు తగ్గిపోవడానికీ ఒంటికీ సంబంధమే లేదనడం కూడా మనం కల్పించుకున్నదే అవుతుంది.

ఇస్త్రీ_కాగితం
సరే, రెండు. ఇక కాగితం.

మామూలు డ్రాయింగ్ షీటు 140 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) ఆగస్టులో పనికిరాదు. గాలి తేమని పీల్చుకుని పైపూత మెత్తబడుతుంది, సిరా అంచులు పీచులా పాకుతాయి. 300 జీఎస్‌ఎం, హాట్ ప్రెస్, అంటే నున్నటి రకం తీసుకోండి. గరుకు రకం వాటర్‌కలర్ కాగితం మీద పెన్ను ప్రతి గుంటలోనూ గంతు వేస్తుంది, గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది. 22×30 అంగుళాల ఇంపీరియల్ షీటుని సగం చేస్తే 15×22. అది ఎ2 బోర్డు మీద సరిపోతుంది. 24 మందికి 12 షీట్లు, పాడైపోయేవాటికి ఇంకో 6.

కాగితానికి పీచు ఏ వైపు నడుస్తుందో చూసుకోండి. షీటుని మెల్లగా రెండు వైపులా వంచి చూస్తే ఏ వంపు సులువుగా వస్తుందో పీచు ఆ వంపు వెంబడి ఉన్నట్టు. తేమకి కాగితం పీచుకి అడ్డంగానే ఎక్కువ సాగుతుంది. 50 సెంటీమీటర్ల వెడల్పులో మిల్లీమీటరు, ఒక్కోసారి రెండు. అడ్డగీతలు వేసేటట్టయితే పీచు నిలువుగా ఉండేలా బోర్డుకి బిగించండి, అప్పుడు గీతల మధ్య ఖాళీలు తక్కువ కదులుతాయి. గళ్లు వేస్తే ఏదో ఒక దిక్కు దెబ్బ తింటుంది, దానికి మందు ఒకటే: పొద్దున సగం, మధ్యాహ్నం సగం అని పెట్టుకోకుండా ఒక్క కూర్చోడంలో ముగించాలి. ముందు రోజు రాత్రే కాగితాలు కవర్లోంచి తీసి అదే గదిలో పరచండి.

బ్రాడీపేట_డ్రాయింగ్
పెన్నులు? ర్యాపిడోగ్రాఫ్‌లు (సన్న గొట్టం నిబ్బున్న టెక్నికల్ పెన్నులు) 24 కొనే స్థోమత లేదు.

డిజైన్_సెక్షన్_రిటైర్డ్
కొనక్కర్లేదు. డిస్పోజబుల్ పిగ్మెంట్ లైనర్లు, అంటే సన్న మొన సిరా పెన్నులు, 0.1, 0.3 మిల్లీమీటర్లవి చెరో 24 తీసుకోండి. స్టీలు స్కేలుకి ఒరిపిస్తే మొన అరిగి గీత లావెక్కుతుంది. అందుకని ప్లాస్టిక్ స్కేలే వాడించండి, పెన్ను నిటారుగా పట్టించండి. చూపించడానికి మాత్రం ఒక ర్యాపిడోగ్రాఫ్ 0.25, ఒక పాత రూలింగ్ పెన్ను దగ్గర ఉంచుకోండి. వాటిని చూడకపోతే ఆ కాలపు గీత ఎందుకలా ఉందో తెలియదు.

రూలింగ్ పెన్నులో రెండు రేకుల మధ్య సిరా డ్రాపరుతోనే పోయాలి, ముంచకూడదు. 5, 6 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. ఎక్కువైతే ఆనించగానే బొట్టు పడుతుంది, తక్కువైతే 30 సెంటీమీటర్ల గీత చివర ఎండిపోతుంది. రేకుల బయట అంటిన సిరా తుడవకపోతే అది స్కేలుకి తగిలి, దాని కిందకి జారి, వేలెడు మరక. పక్కనున్న స్క్రూతో గీత లావు మార్చుకుంటారు. ఒకసారి కుదిరాక మొత్తం వరస అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. తర్వాత మళ్లీ అదే లావుకి తేవడం కష్టం.

ర్యాపిడోగ్రాఫ్‌లో ఇండియన్ ఇంక్ పోయకండి. అందులో లక్క ఉంటుంది, సన్నటి గొట్టంలో గడ్డకట్టి చస్తుంది. టెక్నికల్ పెన్ను సిరా వేరే అమ్ముతారు. పెన్ను మొరాయిస్తే అడ్డంగా పట్టుకుని ఊపండి, లోపలి బరువు కదిలే టకటక శబ్దం రావాలి. రాకపోతే గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు ఒక చుక్క వేసి నానబెట్టడమే. 0.25 కన్నా సన్నటి నిబ్బుల్లో తీగని బయటికి లాగొద్దు, వెంట్రుక లాంటి తీగ, వంగితే మళ్లీ లోపలికి వెళ్లదు.

కృష్ణలంక_కుర్రాడు
మినీ డ్రాఫ్టర్‌తో ఇంకు గీస్తే స్కేలు కిందకి పాకేస్తోంది సార్. ఎన్నిసార్లు తుడిచినా అంతే.

డిజైన్_సెక్షన్_రిటైర్డ్
డ్రాఫ్టర్ స్కేళ్లు పెన్సిలు కోసం చేసినవి, అంచు కాగితానికి పూర్తిగా ఆనుకుంటుంది. పెన్ను కొస, అంచు, కాగితం మూడూ కలిసిన సందులోకి సిరా దానంతటదే లాక్కుపోతుంది. స్కేలు అడుగున అంచుకి 5 మిల్లీమీటర్లు లోపలగా సెల్లోటేపు రెండు మూడు పొరలు అతికించు. అంచు గాల్లో లేస్తుంది, పాకడం ఆగుతుంది. మామూలు స్కేలుకి ఏటవాలు అంచు ఉంటే ఆ వాలు కిందకి వచ్చేలా తిరగేసి పెట్టు. డ్రాఫ్టర్ మోకాలి స్క్రూలు కూడా బిగించు. అక్కడ కొంచెం వదులున్నా 60వ గీతకి సమాంతరం పోతుంది.

ఇక చెయ్యి. మణికట్టుతో కాదు, భుజం నుంచి లాగాలి. 30 సెంటీమీటర్ల గీతకి ఐదారు సెకన్లు. ఇంకా మెల్లగా పోతే లావవుతుంది, వేగం పెంచితే మధ్యలో తెగుతుంది. మొదట్లో బొట్టు పడకుండా ఉండాలంటే చెయ్యి కదలడం మొదలయ్యాక నిబ్బు ఆనించాలి, విమానం దిగినట్టు.

ఇస్త్రీ_కాగితం
అరచేతి కింద మడిచిన తెల్ల కాగితం ముక్క తప్పనిసరి. చెమట పడిన చోట సిరా అతుక్కోదు, విడిపోయి గుండ్లు కడుతుంది. ముందే పడితే సుద్దపొడి పలుచగా రాసి దులిపేయండి. బోర్డుకి నేరుగా పైనున్న ఫ్యాన్ ఆపాల్సిందే. నిబ్బు కొసన సిరా ఎండిపోతుంది, నూగు వచ్చి కొసకి చిక్కుకుని పక్కన ఇంకో సన్న గీత లాగుతుంది. గుంటూరులో ఆగస్టు ఫ్యాన్ ఆపమంటే పిల్లలు తిట్టుకుంటారు, తెలుసు.

రథంముగ్గు
ఒక ఆలోచన. మన ఆడపిల్లలందరికీ 15 చుక్కలు 8 దాకా సందు చుక్క అంటే కంటికి కట్టినట్టు కనిపిస్తుంది. నస్రీన్ గళ్లని ముగ్గు ద్వారా మొదలుపెడితే తేలిగ్గా ఎక్కుతుంది కదా?

గీతాసారం
ఎక్కుతుంది గానీ తప్పుగా ఎక్కుతుందండీ. ముగ్గులో చుక్క గుంజ లాంటిది, గీత దాని చుట్టూ తిరిగి చివరికి మొదలైన చోటికి వచ్చి మూసుకుంటుంది. మూసుకోకపోతే ముగ్గు తప్పినట్టే. ఈవిడ గీత మూసుకోదు. కాగితం అంచు దాకా వచ్చి, ఇంకా ముందుకి పోతున్నట్టు ఆగుతుంది.

రథంముగ్గు
మూసుకోకపోవడం తేడా, ఒప్పుకుంటాను. కానీ ముగ్గు పెట్టేవాళ్లకి ఖాళీ చూడడం వచ్చు. రెండు చుక్కల మధ్య జానెడా బెత్తెడా అని కంటితో కొలుస్తారు, తాడు పెట్టరు. ఆ కన్ను పనికొస్తుంది అంటున్నాను.

గీతాసారం
అది నిజం. అలాగైతే మొదటి అరగంటలో స్కేలు ఇవ్వకుండా సమదూరంలో 20 చిన్న గుర్తులు కంటితోనే పెట్టించండి. తర్వాత స్కేలుతో కొలిచి చూసుకోనివ్వండి. ఎవరి ఖాళీ ఎటు జారుతుందో బయటపడుతుంది. చాలామందికి చివరికి వచ్చేసరికి ఇరుకవుతుంది, కాగితం అయిపోతుందన్న కంగారు.

పడుగుపేక_మంగళగిరి
ముగ్గు కన్నా దగ్గరిది మగ్గం. ఆమె తీసిన ఫోటోల్లో మగ్గం మీద పడుగు పోగుల ఫోటోలున్నాయి. పక్కనే మంగళగిరి ఉంది. ఒక్క గంట గుంట మగ్గం ముందు నిలబెట్టండి. పైనుంచి కాదు, పడుగు చివర మోకాళ్ల మీద కూర్చుని పోగుల ఎత్తులో కన్ను పెట్టి చూడమనండి. దగ్గర పోగులు విడివిడిగా, దూరంగా పోయేకొద్దీ ఒకదాన్నొకటి మింగేస్తూ బూడిదరంగు పలకలా కనిపిస్తాయి. సన్న గీతలు ఒకదాని పక్కన ఒకటి వేస్తే బూడిదరంగు ఎలా పుడుతుందో అక్కడ తెలుస్తుంది. ఒక్క పోగు తెగితే కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది, గీతల వరసలో ఒక్కటి లావైనా అంతే. నేత నేసే చోట ఫ్లాష్ వాడొద్దు, పోగులు చేత్తో ముట్టుకోనివ్వద్దు. గంజి పెట్టిన పడుగు చెయ్యి తడికి మెత్తబడుతుంది.

కృష్ణలంక_కుర్రాడు
ఫోటోలంటే గుర్తొచ్చింది. ప్రకాశం బ్యారేజీ 70 గేట్లు వరసగా ఉన్నాయి కదా. ఫోటో తీసి దాని మీద ట్రేసింగ్ పెట్టి గీతలు లాగిస్తే నస్రీన్ బొమ్మలా వస్తుంది.

గీతాసారం
రాదు. వస్తే బ్యారేజీ బొమ్మ వస్తుంది. ఫతేపూర్ సిక్రీలో, చండీగఢ్‌లో, ఎడారిలో, సముద్రం ఒడ్డున ఆవిడ ఫోటోలు తీసింది, కానీ బొమ్మలకి నమూనాలుగా కాదు. బతికుండగా వాటిని ప్రదర్శనకి పెట్టనూలేదు. ఫోటో ఒక పని, గీత ఇంకో పని. ఆ కన్నే రెండిట్లోనూ ఉంది.

పడుగుపేక_మంగళగిరి
ట్రేసింగ్ వద్దు గానీ బ్యారేజీ వద్దనకండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య దిగువ వైపు ముఖం మీద ఎండ పడుతుంది. స్తంభాల నీడలు ఒకదాని మీద ఒకటి వాలుతాయి. ఫోటోలో ఆకాశం, నీళ్లు, మనుషులు కోసేసి రెండు మూడు స్తంభాల ముక్క మాత్రం ఉంచమనండి. ఏది వంతెనో తెలియకుండా పోయేదాకా కోయాలి. ఆ ముక్క చూసి, మూసేసి, గుర్తున్న వాలు ఒక్కటే కాగితం మీద పెట్టాలి.

గీతాసారం
ఇది బావుంది. మూసేయడం ముఖ్యం.

డిజైన్_సెక్షన్_రిటైర్డ్
అభ్యాసం ఇలా పెట్టండి. మొదటిది: 30×20 సెంటీమీటర్ల చోటు, 2 మిల్లీమీటర్ల దూరంలో అడ్డగీతలు, 0.1 పెన్ను. 20 సెంటీమీటర్లకి 101 గీతలు. కొత్తవాళ్లకి ఒక్కో గీతకి, స్కేలు జరపడంతో కలిపి అర నిమిషం, అంటే 50 నిమిషాలు.

అందరూ చేసే తప్పు ఒకటే. ముందు గీత నుంచి 2 మిల్లీమీటర్లు కొలిచి తర్వాతది, దాన్నుంచి ఇంకోటి. ఒక్కోసారి పదో వంతు మిల్లీమీటరు ఒకే వైపు జారితే వందో గీతకి సెంటీమీటరు పోతుంది. స్కేలు ఒక్కసారే పెట్టి, కదపకుండా, సున్నా నుంచి 200 దాకా గుర్తులన్నీ పెట్టుకోవాలి. ఎడమ అంచున, కుడి అంచున రెండు చోట్లా. పెన్సిలు 4హెచ్, గుర్తు అర మిల్లీమీటరు మించకూడదు.

రెండోది: మారే ఖాళీలు. 1, 1, 1.5, 1.5, 2, 2, 3, 3, 4, 4, 6, 6, 8. ఇది ఆవిడ లెక్క కాదు, మన అభ్యాసం కోసం. ఖాళీలుగా కాకుండా మొదటి నుంచి కూడుకుంటూ పోవాలి: 0, 1, 2, 3.5, 5, 7, 9, 12, 15, 19, 23, 29, 35, 43. మొత్తం 43 మిల్లీమీటర్లలో 14 గీతలు. ఈ అంకెల్ని సన్నటి కాగితం పట్టీ మీద గుర్తులుగా పెట్టి, ఆ పట్టీనే రెండు అంచులకీ ఆనించి దింపుకోండి. అప్పుడు తప్పొచ్చినా రెండు వైపులా ఒకేలా వస్తుంది, గీత వంకర పోదు.

బ్రాడీపేట_డ్రాయింగ్
13 అంకెలకి 14 గీతలు అనేసరికి సగం మంది తికమకపడతారు. బోర్డు మీద రాసిపెడతాను.

ఇస్త్రీ_కాగితం
ఆ పట్టీనే ఏటవాలు పెడితే ఖాళీలు దగ్గరపడతాయి. నిలువు నుంచి 60 డిగ్రీలు వాలిస్తే ఖాళీలు సగం అవుతాయి. అంటే అదే పట్టీతో ఇంకో వరస. మూడో అభ్యాసం అదే: రెండు వరసల్ని వేరు వేరు వాలుల్లో కాగితం మీద ఒక మూల నుంచి ఎక్కించడం, కనీసం సగం కాగితం ఖాళీగా వదిలేయడం. పిల్లలకి ఎక్కువ కష్టమయ్యేది ఇదే. ఖాళీ కనిపిస్తే చేతులు ఊరుకోవు.

సన్నటి గుర్తులు తప్ప మిగతా పెన్సిలు గీతలేవైనా సిరా తర్వాతే. ఒత్తిగా వేసిన పెన్సిలు మీద సిరా జారుతుంది, సిరా మీద రబ్బరు రుద్దితే నలుపు వెలిసిపోతుంది. గుర్తులు చెరపాలంటే పిండిలా ఉండే మెత్త రబ్బరు అద్దాలి.

తప్పు గీత పడితే తెల్ల రంగు పూయొద్దు, కాంతిలో అచ్చుపడ్డట్టు కనిపిస్తుంది. పూర్తిగా ఎండాక, అంటే ఈ తేమలో కనీసం రెండు గంటలు, కొత్త బ్లేడుని పడుకోబెట్టి మెల్లగా గీకి, చెంచా వీపుతో నున్నగా రుద్దాలి. 300 జీఎస్‌ఎం మీదే సాధ్యం.

కృష్ణలంక_కుర్రాడు
అన్ని గీతలూ స్కేలుతోనే అయితే కంప్యూటర్‌లో ఐదు నిమిషాల పని కదా. ఎందుకింత?

గీతాసారం
ప్లాటర్‌తో (కంప్యూటర్ చెప్పినట్టు గీతలు గీసే మిషను) గీయించి ఒకటి, చేత్తో ఒకటి పక్కపక్కన పెట్టి లెన్సుతో చూడు. చేతి గీత మొదట్లో కొంచెం నలుపు, మధ్యలో పలుచన, చివర చెయ్యి ఎత్తిన చోట చిన్న కొస. వంద గీతల్లో వంద రకాలు. దూరం నుంచి చూస్తే ఆ తేడా వల్లే వరస సన్నగా అదురుతున్నట్టు అనిపిస్తుంది. ఈవిడ బొమ్మని ఫోన్లో చూస్తే అది పోతుంది. గళ్ల బొమ్మలు చిన్న తెర మీద అలల్లా మెరిసి అసలు లేని చారలు కనిపిస్తాయి. ప్రొజెక్టర్‌లో కూడా అంతే. అందుకని స్లైడులో మొత్తం బొమ్మ ఒకసారి, తర్వాత ఒక మూల మాత్రమే పెద్దది చేసి చూపించండి.

బ్రాడీపేట_డ్రాయింగ్
నిజం బొమ్మలు ఎక్కడ చూడొచ్చు అని అడుగుతారు.

గీతాసారం
ఢిల్లీ సాకేత్‌లో కిరణ్ నాడార్ మ్యూజియం దగ్గర చాలా ఉన్నాయి, 2013లో పెద్ద ప్రదర్శన కూడా వాళ్లే పెట్టారు. 2007లో జర్మనీలో డాక్యుమెంటా 12 అనే పెద్ద కళాప్రదర్శనలో, 2015లో మాడ్రిడ్‌లో రైనా సోఫియా మ్యూజియంలో చూపించారు. 2016 మార్చిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు మెట్ బ్రాయర్ భవనం తెరిచినప్పుడు పెట్టిన తొలి ప్రదర్శనల్లో ఒకటి ఈవిడదే. పోయిన 26 ఏళ్లకి. పిల్లలు ఢిల్లీ టూరుకి ఎలాగూ వెళ్తారు, కుతుబ్ మీనార్‌కి పోయే రోజే సాకేత్ కూడా వేసుకోండి, దగ్గరే. వెళ్లే ముందు ఆ వారం గోడ మీద ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, కాగితం బొమ్మల్ని ఏడాదంతా వెలుతుర్లో ఉంచరు.

అద్దాల_కొట్టు
పిల్లల పని గోడకి పెడతారా? పెడితే ఒక మాట. కాగితం అద్దానికి తగలకూడదు. ఇక్కడి తేమకి రెండు వానాకాలాల్లో అతుక్కుని బూజు పడుతుంది, తీస్తే సిరా అద్దంతో పాటే వస్తుంది. యాసిడ్ లేని మౌంట్ బోర్డు, కిటికీలా కోసి, చుట్టూ 5 సెంటీమీటర్ల అంచు వదలండి. అద్దానికీ కాగితానికీ మధ్య 4 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి, బోర్డు ఒక్కటే చాలకపోతే అంచున పట్టీ వేయించండి. వెనక బ్రౌన్ టేపు వద్దు, జిగురు పసుపు మరకై ముందుకి తేలుతుంది. కాగితాన్ని పైన రెండు చోట్ల మాత్రం పిండి జిగురు, పలచటి కాగితం ముక్కలతో వేలాడదీయాలి. నాలుగు వైపులా అతికిస్తే తేమకి సాగి ఉబ్బుతుంది.

బ్రాడీపేట_డ్రాయింగ్
గోడకి పెట్టేది ఒక వారమే. అద్దం లేకుండా క్లిప్పులతో వేలాడదీస్తే?

అద్దాల_కొట్టు
వారానికి ఫర్వాలేదు. క్లిప్పు కింద కాగితం మడిచి పెట్టండి, పళ్ల ముద్ర పడకుండా. కిటికీకి ఎదురుగోడ వద్దు. ఫ్యాన్ ఉన్న గదిలో కింద అంచుకి వెనక సన్న చెక్క పట్టీ క్లిప్ చేయండి, లేకపోతే ఊగి ఊగి మూలలు చిరుగుతాయి.

డిజైన్_సెక్షన్_రిటైర్డ్
ఇంకోటి మర్చిపోయాను. కుడిచేతివాళ్లు నిలువు గీతలు ఎడమ నుంచి కుడికి, అడ్డగీతలు పైనుంచి కిందకి వేయాలి. ఎడమచేతివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లకి నిలువు గీతలు కుడి నుంచి మొదలుపెట్టమని ముందే చెప్పండి. చెప్పకపోతే మూడో గీతకే తడి సిరా మీద చెయ్యి పడుతుంది.